పంటికింద రాయి

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు మొదటి రివ్యూ అయిపోయి నెల దాటింది. మా టీమ్‌లో నలుగురం. టాపిక్: "డీప్ లెర్నింగ్‌తో సెమీకండక్టర్ సబ్‌స్ట్రేట్లలో లోపాల గుర్తింపు". పన్నెండో స్లయిడ్‌లో పెద్ద అక్షరాలతో, ఆకుపచ్చ రంగులో "యాక్యురసీ 99%" అని పెట్టాం. సార్ తలూపారు. "గుడ్, కాన్ఫరెన్స్ పేపర్ రాయండి" అన్నారు. బయటికొచ్చి క్యాంటీన్‌లో సమోసాలు తిన్నాం. అంతే, అయిపోయింది.

ఆ రోజు ఆ గదిలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. మిగిలిన ఆ ఒక్క శాతంలో ఏముంది? సార్లు అడగలేదు, వెనక బెంచీల్లో కూర్చున్న మీరూ అడగలేదు. అన్నిటికంటే ఘోరం, మేం నలుగురం కూడా ఒకర్నొకరం అడగలేదు.

సగంలో వదిలేసి రీల్స్‌కి వెళ్లిపోయేవాళ్లకి కూడా అందాలి కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన బ్రాంచ్‌లో ఏటా చేసే ఈ "డిఫెక్ట్ డిటెక్షన్" ప్రాజెక్టుల్లో చాలావాటికి లోపాన్ని పట్టుకోవడం రాదు. డేటాసెట్‌ని బట్టీ పట్టడం వస్తుంది. బట్టీ పట్టి పాసవడం మనకి కొత్తేం కాదు, కానీ ఈసారి ఆ పని మనతో పాటు మన మోడల్ కూడా చేస్తోంది.

ముందు మా బండారం బయటపెడతాను.

టాపిక్ రిజిస్టర్ చేసిన రోజు మాకు సబ్‌స్ట్రేట్ అంటే ఏంటో సరిగ్గా తెలీదు. టైటిల్‌లో "సెమీకండక్టర్" అనే మాట ఉంటే బాగుంటుందని పెట్టాం. ఆ తర్వాత చదువుకున్నదాన్ని బట్టి, నాకు అర్థమైనట్టు చెప్తాను. ప్రాసెసర్ లోపల ఉండే అసలు సిలికాన్ ముక్క, అంటే డై, బొటనవేలి గోరంత ఉంటుంది. దాని అడుగున వేల కొద్దీ సోల్డర్ బొడిపెలు, ఒకదానికొకటి సుమారు 100 మైక్రాన్ల ఎడంలో కిక్కిరిసి ఉంటాయి. మదర్‌బోర్డు మీద పాయింట్లు అంత దగ్గరగా ఉండవు, అక్కడ ఎడం ఇంచుమించు మిల్లీమీటరు. ఈ రెండింటినీ కలపడానికి మధ్యలో ఒక పల్చటి బోర్డు కావాలి. పాతబస్తీ సందులన్నీ మెల్లగా వెడల్పవుతూ వచ్చి మెయిన్ రోడ్డులో కలిసినట్టు, డై దగ్గర ఇరుకుగా మొదలైన రాగి గీతలు ఆ బోర్డులో విచ్చుకుంటూ కిందికి దిగుతాయి. అదే సబ్‌స్ట్రేట్.

మధ్యలో గట్టి కోర్. దానికి పైనా కిందా ఇన్సులేషన్ పొర, దాని మీద రాగి గీతలు, మళ్లీ ఇన్సులేషన్, మళ్లీ రాగి. పొరకీ పొరకీ మధ్య లేజర్‌తో చిన్న రంధ్రం కాల్చి, రాగి పూత పోసి కలుపుతారు. దాన్నే మైక్రోవయా అంటారు. ఖరీదైన ప్రాసెసర్ల సబ్‌స్ట్రేట్లలో గీత వెడల్పు పది మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది, పక్కన ఖాళీ కూడా అంతే. తల వెంట్రుక 70 మైక్రాన్లనుకుంటే, అలాంటి గీతలు మూడు, వాటి మధ్య ఖాళీలతో సహా, ఒక్క వెంట్రుక కింద దాక్కుంటాయి. (ఆ ఇన్సులేషన్ పొరకి ప్రపంచమంతా ఎక్కువగా వాడే ఫిల్మ్ తయారుచేసేది ఎవరో తెలుసా? అజినొమోటో. అవును, నూడుల్స్ బండి దగ్గర టేస్టింగ్ సాల్ట్ పేరుతో మనకి తెలిసిన ఆ జపాన్ కంపెనీయే. 1999 నుంచి ప్రాసెసర్లలో వాడుతున్నారు. ఇది చదివిన రోజు రాత్రి మా రూమ్‌లో ఇంకే పనీ జరగలేదు.)

ఇలా పొర మీద పొర వేసుకుంటూ పోయే వస్తువులో ఒక చిక్కుంది. మూడో పొరలో గీత తెగిపోయిందనుకోండి. నాలుగో పొర వేసేశాక కెమెరాకి అది కనిపించదు. అందుకే పొర వేసిన ప్రతిసారీ ఆగి చూడాలి. పైగా తప్పులు పేరుకుంటాయి. ఇరవై దశలున్న పనిలో ఒక్కో దశలో 100కి 99 బాగా వస్తున్నాయనుకుందాం. పరీక్షలో 99 వస్తే ఊళ్లో ఫ్లెక్సీ కడతారు. ఇక్కడ 0.99ని ఇరవైసార్లు గుణిస్తే వచ్చేది 0.82 లోపే. అంటే చివర్లో ప్రతి వందకీ పద్దెనిమిది చెత్తబుట్టలోకి. ఆ పద్దెనిమిదీ చెత్తబుట్టలోకి పోతే అదృష్టం. పోకుండా మంచివాటిలో కలిసిపోయి ముందుకెళ్తే, వాటి మీద ఖరీదైన డైలు అతికిస్తారు. అప్పుడు పోయేది సబ్‌స్ట్రేట్ ఒక్కటే కాదు, దాని మీద కూర్చున్న మంచి డైలు కూడా.

ఇప్పుడు మా డేటా సంగతి. సబ్‌స్ట్రేట్ ఫొటోలు మాకు ఎవరిస్తారు? ఏ కంపెనీ కూడా తన లోపాల ఫొటోలు బయట పెట్టదు. అందుకని అందరూ చేసేదే మేమూ చేశాం. పెకింగ్ యూనివర్సిటీ వాళ్లు విడుదల చేసిన పీసీబీ డేటాసెట్ దించుకున్నాం. 693 ఫొటోలు, ఆరు రకాల లోపాలు. రంధ్రం లేకపోవడం, గీత తెగిపోవడం, రెండు గీతలు అతుక్కుపోవడం, గీత పక్కకి ముల్లులా పొడుచుకురావడం, ఉండకూడని చోట రాగి మిగిలిపోవడం, ఇంకోటి మౌస్ బైట్. అంటే గీత అంచుని ఎలుక కొరికినట్టు ఉండటం. పేరు భలే ఉంది కదా. టైటిల్‌లో సబ్‌స్ట్రేట్, లోపల మామూలు పీసీబీ. ఇది మా మొదటి అబద్ధం.

రెండోది. ఆ ఫొటోల్లో లోపాలు ఫ్యాక్టరీలో పుట్టినవి కావు. మంచి బోర్డుల ఫొటోలు తీసి, వాటి మీద సాఫ్ట్‌వేర్‌తో లోపాలు గీశారు. వాళ్లేం దాచలేదు, పేపర్లో చక్కగా రాశారు. చదవనిది మేమే. మనిషి గీసిన లోపానికి ఒక చేతివాటం ఉంటుంది, దాని అంచులు ఒకేలా ఉంటాయి. మోడల్ ఆ చేతివాటాన్ని నేర్చుకుంటుంది. ఎచింగ్ ట్యాంకులో మందు పలచబడితే గీత అంచు ఎలా ఉంటుందో దానికి ఎక్కడా చూపించలేదు కదా, తెలిసే దారేది?

మూడోది అసలైంది. ఆ 693 ఫొటోలూ కలిపి చూస్తే ఉన్నవి పదే పది బోర్డులు. ఫైల్ పేరులో మొదటి రెండు అంకెలు చూస్తే ఏ బోర్డో తెలిసిపోతుంది. మేం ఏం చేశాం? అన్నిటినీ ఒక గంపలో పోసి కలిపి, 80 శాతం ట్రైనింగ్‌కి, 20 శాతం టెస్టింగ్‌కి తీశాం. అంటే ట్రైనింగ్‌లో చూసిన బోర్డే టెస్టింగ్‌లో మళ్లీ వచ్చింది. అంతకు ముందే ఫొటోలు తిప్పి, కోసి, వెలుగు పెంచి సంఖ్య పెంచుకున్నాం కాబట్టి, ఒకే లోపం ఇటూ ఉంది, కొంచెం పక్కకి తిరిగి అటూ ఉంది. పేపర్ లీకైన పరీక్షలో ఫస్ట్ ర్యాంక్ మాది.

నాలుగో అబద్ధం చిన్నది, అయినా చెప్పేస్తాను. మోడల్ ఇచ్చింది ఎంఏపీ అనే కొలత, విలువ 0.99. దాన్ని పీపీటీలో "యాక్యురసీ 99%" అని రాసేశాం. రెండూ ఒకటి కావు. పోయినేడాది సీనియర్ల పీపీటీలోనూ అలాగే ఉంది.

ఇవన్నీ నాకు వాటంతటవి తట్టలేదు. తట్టించింది ఒక అక్క.

దసరా సెలవుల్లో మా టీమ్‌మేట్ వాళ్ల బాబాయి పనిచేసే పీసీబీ యూనిట్‌కి వెళ్లాం. హైదరాబాద్ శివార్లలో ఉంది, పేరు అక్కర్లేదు. మా లాప్‌టాప్, అందులో మా 99 శాతం. లోపల ఆటోమేటిక్ ఆప్టికల్ ఇన్‌స్పెక్షన్ మెషీన్ ఉంది, ఏఓఐ అంటారు. బోర్డు ప్యానెల్‌ని స్కాన్ చేసి, డిజైన్ ఫైల్‌తో పోల్చి, తేడా ఉన్న చోటల్లా గుర్తు పెడుతుంది. ఆ మెషీన్ కంటే నన్ను ఆపేసింది దాని పక్క గది. చీకటిగా, ఏసీ చల్లగా, వరసగా స్క్రీన్లు. ఒక్కో స్క్రీన్ ముందు ఒకరు. మెషీన్ గుర్తు పెట్టిన చోట్లన్నీ ఒక్కొక్కటే పెద్దగా కనిపిస్తాయి. నిజం లోపమైతే ఒక మీట, ఉత్తదైతే ఇంకో మీట. రోజంతా అదే.

అక్కడ కూర్చున్న అక్కకి మా పని గురించి చెప్పాం. నవ్వింది. "కూసో తమ్ముడూ, చూడు" అంది. స్క్రీన్ మీద ఒకటి వచ్చింది. "గిది దుమ్ము." ఇంకోటి. "గిది ఎవరిదో ఏలిముద్ర." ఇంకోటి. "గిది రాగి నల్లవడ్డది, కడిగితే పోతది." మరో పది పోయాక ఆగింది. "గిదిగో, గిది నిజంది. కొరికింది." నాకు ముందు చూపించిన దుమ్ముకీ దీనికీ తేడా కనబడలేదు, నిజంగా. "దుమ్ముకి అంచు మీద నీడ వడ్తది. గీనికి నీడ లేదు" అంది. ఎన్నేళ్లయింది అక్కా అంటే ఆరేళ్లంది.

ఆ తర్వాత ఆమె చేసిన పని మా ప్రాజెక్టుని కూల్చేసింది. ఇంకో ప్యానెల్‌లో ఒక చుక్క వచ్చింది. వెంటనే మీట నొక్కకుండా వెనక్కి వెళ్లి, ముందు ప్యానెల్ తెరిచింది. అదే మూల, అదే చోట. దానికి ముందుది తెరిచింది. మళ్లీ అదే చోట. లేచి అవతలి సెక్షన్‌కి ఫోన్ చేసింది. "ఫిల్ము మీద ఏదో ఉన్నది, తుడువుండ్రి" అని. బోర్డు మీద డిజైన్ అచ్చు వేసే ఫిల్ము మీద దుమ్ము కణం అంటుకుంటే, ఆ నీడ ప్రతి ప్యానెల్ మీదా అదే చోట పడుతుంది. ఒక్కో ప్యానెల్‌ని పక్కన పెట్టుకుంటూ పోతే సాయంత్రానికి గుట్ట అవుతుంది. ఫిల్ము తుడిస్తే అక్కడితో ఆగుతుంది.

మా మోడల్‌కి ఫొటో అంటే ఒక్క ఫొటోనే. ముందుదానితో, వెనకదానితో దానికి సంబంధం లేదు. లోపం చుట్టూ డబ్బా గీయడం దాకానే దాని చదువు. ఈ డబ్బా ఇక్కడికెలా వచ్చింది, ఏ ట్యాంకు, ఏ ఫిల్ము, ఏ షిఫ్టు? ఆ ప్రశ్న మా ప్రాజెక్టులో ఎక్కడా లేదు.

మా నానమ్మ చేటలో బియ్యం పోసి రాళ్లు ఏరేది. చిన్నప్పుడు పక్కన కూర్చుని చూసేవాణ్ని. చేట అటూ ఇటూ కదిపితే రాయి వేరే రకంగా దొర్లుతుందనేది, నాకు మాత్రం ఎప్పుడూ కనిపించేది కాదు. ఆ పనిలో రెండు తప్పులుంటాయి. అనుమానం వచ్చిన గింజనల్లా పారేస్తే బియ్యం తరుగు. ఫ్యాక్టరీ భాషలో దాన్ని ఓవర్‌కిల్ అంటారు. ఒక్క రాయి వదిలేస్తే అన్నంలో పంటికింద పడుతుంది. అది ఎస్కేప్. ఈ రెండు తప్పుల ధర ఒకటి కాదు. గుప్పెడు బియ్యం పోయినా ఎవరూ ఏమీ అనరు, తాతయ్య పంటికింద రాయి పడిన రోజున మాత్రం ఇల్లంతా వినిపించేది. "యాక్యురసీ" అనే కొలత ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తుంది. నా గొడవంతా అక్కడే.

కావాలంటే లెక్క వేసి చూడండి. 10,000 ముక్కల్లో 100 చెడ్డవి. ఏమీ చూడకుండా అన్నిటికీ "ఓకే" కొట్టే మోడల్ ఒకటి రాద్దాం, ఒక్క లైన్ కోడ్ చాలు. దాని యాక్యురసీ 99 శాతం! ఒక్క చెడ్డ ముక్క కూడా పట్టుకోలేదు, అయినా పీపీటీలో ఆకుపచ్చ రంగుకి అర్హత ఉంది. ఇప్పుడు నిజంగా కష్టపడే మోడల్‌ని తీసుకుందాం. చెడ్డవాటిలో 95 శాతం పట్టుకుంటుంది, మంచివాటిలో 5 శాతాన్ని పొరపాటున చెడ్డవంటుంది. 95 నిజమైనవి, 9,900లో 5 శాతం అంటే 495 ఉత్తవి. మొత్తం 590 సార్లు గంట మోగితే నిజం 95 సార్లే, అంటే ఆరింటిలో ఒకటి. దీని యాక్యురసీ 95 శాతం. సోమరి మోడల్ కంటే నాలుగు మార్కులు తక్కువ. మన రివ్యూలో అయితే సోమరిదే గెలుస్తుంది.

ఆ ఆరింటిలో అయిదుసార్లు ఉత్త గంట వినేది ఎవరు? ఆ చీకటి గదిలో అక్క. "దుమ్ము, దుమ్ము, దుమ్ము, దుమ్ము" అని వేలు అలవాటు పడిపోయాక అయిదోది నిజమైనా వేలు అదే మీట మీదికి పోతుంది. ఆమే చెప్పింది, మధ్యాహ్నం బువ్వ తిన్నాక ఒక గంట చాలా కష్టమని. కాబట్టి ఉత్త గంటల్ని తక్కువ చేసి చూడటానికి లేదు. అవి పెరిగితే ఎస్కేపులు కూడా వాటి వెనకే వస్తాయి. ఈ ముక్క నేను చదివిన ఏ యూట్యూబ్ ట్యుటోరియల్‌లోనూ లేదు.

ఇంకో సంగతి. కళ్లకి, కెమెరాకి కనిపించేది లోపాల్లో ఒక భాగం మాత్రమే. మౌస్ బైట్‌నే తీసుకోండి. గీత సగం వెడల్పు పోయినా మిగతా సగంలోంచి కరెంటు పోతూనే ఉంటుంది. ఎలక్ట్రికల్ టెస్ట్ పెడితే పాస్. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి, ఎన్నో నెలల తర్వాత అక్కడే తెగొచ్చు. ఇక్కడ టెస్టర్ కంటే కెమెరా నయం. మైక్రోవయా దగ్గర ఇది తిరగబడుతుంది. రంధ్రం అడుగున పాత రాగికీ కొత్త పూతకీ మధ్య పట్టు బలహీనంగా ఉంటే పైనుంచి కెమెరాకి ఏమీ కనిపించదు. సోల్డర్ కరిగించే రిఫ్లో వేడిలో, అంటే సుమారు 250 డిగ్రీల దగ్గర, అది విడిపోతుంది. చల్లారాక మళ్లీ తాకుతుంది. గది ఉష్ణోగ్రతలో టెస్ట్ చేస్తే సుబ్బరంగా పాస్! 2019లో ఐపీసీ అనే ప్రమాణాల సంస్థ ఇలాంటి మైక్రోవయా వైఫల్యాల గురించి పరిశ్రమ మొత్తానికి హెచ్చరిక జారీ చేసింది. బోర్డు తయారైనప్పుడు దొరకకుండా, అసెంబ్లీలోనో వాడకంలోనో బయటపడుతున్నాయని.

వాడకంలో బయటపడితే ఏమవుతుందో చూడాలంటే 2008 జూలైలో ఎన్‌విడియా చేసిన ప్రకటన చదవండి. కొన్ని లాప్‌టాప్ చిప్పుల్లో డై, ప్యాకేజింగ్ పదార్థాలు బలహీనంగా ఉండి ఫెయిలవుతున్నాయని, వారంటీ, మరమ్మతుల ఖర్చుల కోసం 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెడుతున్నామని చెప్పింది. ఆ చిప్పులన్నీ ఫ్యాక్టరీ పరీక్షలు పాసై వచ్చినవే. ఇవాళ ఏఐ అంటే మొదట గుర్తొచ్చే కంపెనీ కూడా అడుగున ఉన్న ప్యాకేజీ దగ్గర దెబ్బ తిన్నదే.

మా టీమ్‌లో ఒకడున్నాడు, పేరు రాస్తే కొడతాడు. వాడి వాదన ఇది. "ఒరేయ్, ఇది బీటెక్ ప్రాజెక్టు, ఫ్యాక్టరీ కాదు. డేటా లేదు, టైమ్ లేదు, జీపీయూ కూడా ఫ్రీగా దొరికిందే. నేర్చుకోవడానికి చేస్తున్నాం. పెద్ద పెద్ద కంపెనీలే డీప్ లెర్నింగ్ వాడుతుంటే నీకేంటి బాధ?" ఇందులో సగం నిజం. ఇన్‌స్పెక్షన్ మెషీన్లు తయారుచేసే కంపెనీలు ఇప్పుడు డీప్ లెర్నింగ్ వాడుతున్నాయి, ముఖ్యంగా ఆ అక్క చేసే పనిలో దుమ్ముని వేరు చేయడానికి. నేను టెక్నాలజీని తిట్టట్లేదు. పబ్లిక్ డేటాసెట్ వాడటం కూడా తప్పు కాదు. డేటా లేదన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. లోపాలు దొరకవు సరే, మంచి బోర్డులు దొరుకుతాయి కదా! మంచివాటిని మాత్రమే చూపించి, "ఇలా లేనిది ఏదైనా చెప్పు" అనే పద్ధతి ఉంది. 2019లో వచ్చిన ఎంవీటెక్ ఏడీ అనే డేటాసెట్ సరిగ్గా అందుకోసమే చేశారు. ట్రైనింగ్‌లో అన్నీ మంచి ఫొటోలే, లోపాలన్నీ టెస్టింగ్‌లోనే. నానమ్మ ప్రపంచంలోని రాళ్లన్నీ చూసి నేర్చుకోలేదు. బియ్యం ఎలా ఉంటుందో ఆమెకి బాగా తెలుసు.

వాడి మాటల్లో నాకు అస్సలు నచ్చంది "నేర్చుకోవడానికి" అన్నది. ఏం నేర్చుకున్నాం? యూనిట్ నుంచి వచ్చిన రాత్రి మేం టెస్ట్ మళ్లీ చేశాం. తొమ్మిది బోర్డులు ట్రైనింగ్‌కి, ఎప్పుడూ చూడని పదో బోర్డు టెస్టింగ్‌కి. ఒక్కో బోర్డుని మార్చి మార్చి పదిసార్లు. తెల్లారేసరికి వచ్చిన అంకెలు చూసి ఎవరం మాట్లాడలేదు. ఒక బోర్డు మీద అయితే, అది ఏ వెలుగులో తీశారో గానీ, మా మోడల్ మంచి రంధ్రాల్నే లోపాలంది. ప్రాజెక్టు మొదలెట్టిన నాలుగు నెలల్లో మేం నిజంగా ఏదైనా నేర్చుకున్నది ఆ ఒక్క రాత్రే. "ఈ అంకెలు పీపీటీలో వద్దురా" అని మొదట అన్నది ఎవరో కాదు, నేనే. రెండు రోజులు అదే మాట మీద ఉన్నాను కూడా.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఈ పని మన గుమ్మం ముందుకి వస్తోంది. 2025 ఆగస్టు 12న కేంద్ర క్యాబినెట్ ఆమోదించిన సెమీకండక్టర్ ప్రాజెక్టుల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్‌కి వచ్చింది. కొరియా కంపెనీ సాంకేతిక భాగస్వామ్యంతో ఏసిప్ టెక్నాలజీస్ పెట్టే ప్యాకేజింగ్ యూనిట్, ఏటా 9.6 కోట్ల యూనిట్ల సామర్థ్యంతో. అదే రోజు ఒడిశాలోని భువనేశ్వర్‌కి గాజు సబ్‌స్ట్రేట్ల ప్రాజెక్టు ఆమోదించారు. గాజు! కెమెరాకి ఇవతలి గీతలూ అవతలి గీతలూ ఒకేసారి కనిపించే వస్తువు. అంచున కంటికి ఆనని పగులు ఉంటే తర్వాత వేడికి అది పాకుతుంది. పచ్చటి పీసీబీ మీద నేర్పిన మన డబ్బాలు అక్కడ ఎందుకు పనికొస్తాయి?

9.6 కోట్లు అన్న అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఉదాహరణకి పదివేలకి ఒకటి చొప్పున చెడ్డది తప్పించుకుందనుకున్నా ఏడాదికి 9,600. అవి ఎవరి ఫోన్‌లోనో, ఎవరి కారు బ్రేకు కంట్రోలర్‌లోనో ఉంటాయి. మనం గొప్పగా చెప్పుకున్న "ఒక్క శాతం" అయితే 9.6 లక్షలు. రేపు క్యాంపస్‌కి వచ్చే కంపెనీ వాళ్లు "మీ మోడల్ ఏం వదిలేసింది?" అని అడిగితే, "సార్, 99 శాతం సార్" అంటామా?

డిపార్ట్‌మెంట్‌కి నా విన్నపం ఒకటే, ఖర్చు లేనిది. రివ్యూ ఫార్మాట్‌లో ఒక స్లయిడ్ తప్పనిసరి చేయండి. మోడల్ పట్టుకోలేకపోయిన లోపాలు ఒక మూడు, ఉత్తినే గంట కొట్టిన చోట్లు ఒక మూడు, ఫొటోలతో సహా, పక్కన ఎందుకో ఒక వాక్యం. యాక్యురసీ స్లయిడ్ కంటే ముందు. ఆ వాక్యం రాయాలంటే ఎచింగ్ గురించి చదవాలి, లైటింగ్ గురించి చదవాలి, వీలైతే ఒక యూనిట్‌కి వెళ్లి ఒక అక్క పక్కన అరగంట కూర్చోవాలి. ట్రైనింగ్, టెస్టింగ్ ఎలా విడగొట్టారో కూడా అడగండి సార్. ఆ ఒక్క ప్రశ్నతో ఏటా సగం ప్రాజెక్టుల రంగు ఆకుపచ్చ నుంచి మారిపోతుంది. కొన్నాళ్లు మార్కులు తగ్గుతాయి, తగ్గనివ్వండి.

జూనియర్లకి ఒక మాట. మా పాత పీపీటీ గ్రూపుల్లో తిరుగుతోంది. పన్నెండో స్లయిడ్ దించుకోకండి.

మా రెండో రివ్యూ వచ్చే నెల. టైటిల్‌లోంచి "సెమీకండక్టర్ సబ్‌స్ట్రేట్లలో" తీసేసి "పీసీబీల్లో" అని మార్చమని లెటర్ పెట్టాం, ఇంకా సంతకం కాలేదు. ఈసారి మొదటి స్లయిడ్‌లో మూడు ఫొటోలు పెడుతున్నాం, మూడూ మా మోడల్ వదిలేసినవే. అందులో ఒకటి మౌస్ బైట్. ఎంత చిన్నదంటే, ప్రొజెక్టర్‌లో కనబడుతుందో లేదో అని నిన్న సెమినార్ హాల్‌కి వెళ్లి చూసుకున్నాం. చివరి బెంచీ నుంచి కనబడట్లేదు. ముందు కూర్చోండి.